ఒకే ఆటలో రెండు ఇస్పేటు రాణులు

ప్రశ్న: మా ఇంట్లో అప్పుడప్పుడూ స్నేహితులం కూర్చుని పోకర్, అంటే టెక్సాస్ హోల్డెమ్, ఆడుకుంటాం. మొన్న ఆరుగురం ఉన్నాం. ఒక ఆటలో ఇద్దరు ఆల్ ఇన్ వెళ్లారు, అంటే తమ చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ ఒడ్డారు. ముక్కలు తెరిస్తే ఒకతని చేతిలో ఇస్పేటు రాణి, ఇస్పేటు తొమ్మిది ఉన్నాయి. బల్ల మీద ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఇస్పేటు రాణి, ఇస్పేటు అయిదు, ఆటీను రెండు. రెండో అతని దగ్గర రాజుల జత. తరువాత తెరిచిన టర్న్, రివర్ అనే రెండు ముక్కలూ ఎవరికీ కలిసిరాలేదు, రాజులే గెలిచాయి. వెంటనే రాణి అతను "కట్టలో తేడా ఉంది, నా చిప్స్ నాకిచ్చేయండి" అన్నాడు. గెలిచినతను ససేమిరా అన్నాడు. అంతకుముందు పెద్ద పాట్ (ఒక ఆటలో పోగైన పందెం) పోగొట్టుకున్న ఇంకొకతను "అయితే నాదీ తిరిగివ్వాలి" అని మొదలుపెట్టాడు. ఆటకు ముందు నేనే 52 ముక్కలూ లెక్కపెట్టాను. తరువాత చూస్తే కళావరు నాలుగు లేదు. ఎవరిది న్యాయం?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముగ్గురిలో ఎవరి వాదనా పూర్తిగా నిలబడదు. బల్ల దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి ముక్కలు పంచినవాణ్ణి, ఇలాంటి గొడవలు చాలానే చూశాను.

ముందు ఆ పాట్ సంగతి. ఒకే గుర్తు, ఒకే విలువ ఉన్న ముక్కలు రెండు బయటపడితే ఆ ఆట చెల్లదు. చాలా క్లబ్బులు ప్రమాణంగా పెట్టుకునే 'రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్'లో ఇది స్పష్టంగా ఉంది. పాట్‌లో ఎవరు పెట్టింది వాళ్లకు వెనక్కి వెళుతుంది. ఆల్ ఇన్ వెళ్లిన ఇద్దరికే కాదు, బ్లైండ్ (ముక్కలు చూడకముందే పెట్టాల్సిన పందెం) పెట్టి ఫోల్డ్ చేసినవాళ్లకు (ముక్కలు పడేసి తప్పుకున్నవాళ్లకు) కూడా. చిప్స్ అన్నీ కలిసిపోయాయి కదా అంటారేమో. బ్లైండ్ దగ్గర్నుంచి ఎవరు ఎంత రైజ్ చేశారో (పందెం పెంచారో), ఎవరు కాల్ చేశారో (దానికి సమంగా పెట్టారో) వరుసగా చెప్పించండి, అయిదు నిమిషాల పని. రాజులు పట్టుకున్నతనికి కడుపు మండడం సహజమే. రెండో రాణి తనకు ఏ రకంగానూ సాయపడలేదు, పైగా అది ఉన్నా గెలిచాడు. అయినా ఆ ముక్క లేకపోతే ఫ్లాప్‌లో ఏం వచ్చేదో, ఎవరు ఎక్కడ ఆగేవారో ఎవరూ చెప్పలేరు. అందుకే రద్దు.

ఇక రాణి అతను. అసలు తిరకాసు ఇక్కడుంది. కట్టలో లోపం ఉందని తెలిసినవాడు వెంటనే చెప్పాలి. చెప్పకుండా పందెం పెంచుకుంటూ పోయి, గెలిస్తే పాట్ నాది, ఓడితే కట్ట తప్పు అనే ఆట ఆడితే వాపసు హక్కు పోవచ్చు. అతని చిప్స్ పాట్‌లోనే ఉండిపోతాయి, తరువాతి ఆట వాటితో కలిపి సాగుతుంది. ఆ పాట్ కోసం ముందు ఆటలో ముక్కలు అందుకున్నవాళ్లే ఆడాలి, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు వాటా లేదు.

"నేను చూసుకోలేదు" అంటాడు. నిజమే అయ్యుండొచ్చు. చాలామంది రాణి అని చూస్తారు తప్ప ఏ రాణి అని చూడరు. కానీ ఇతని చేతిలో రెండూ ఇస్పేట్లే, ఫ్లాప్‌లో ఇంకో రెండు. ఫ్లష్‌కు (ఒకే గుర్తు ముక్కలు అయిదు) ఒక్క ముక్క దూరంలో ఉన్నవాడు గుర్తులు చూడకుండా ఆల్ ఇన్ వెళ్లాడంటే నేను నమ్మను. నేనైతే రాజుల అతని చిప్స్, ఫోల్డ్ చేసినవాళ్ల చిప్స్ తిరిగిచ్చి, ఇతనివి మాత్రం తరువాతి పాట్‌కు ఉంచేవాణ్ణి. కాకపోతే ఈ నియమం ఆటకు ముందు మీరు ఎవరికీ చెప్పి ఉండరు. కాబట్టి ఈసారికి వదిలేయండి, వచ్చేసారి కూర్చునే ముందే చెప్పండి.

పాత పాట్ అడిగినతనికి ఏమీ రాదు. పోకర్ పోటీలు నడిపేవాళ్ల సంఘమైన టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ నియమాల ప్రకారం కొత్త ఆట మొదలైతే పాత ఆట మీద అభ్యంతరం చెప్పే హక్కు పోతుంది. ముక్కలు మొదటిసారి కలపగానే కొత్త ఆట మొదలైనట్టే లెక్క. లేకపోతే ఆ రాత్రి పాట్లన్నీ తవ్వాలి. అతను గెలిచినవి కూడా తిరిగివ్వాల్సి వస్తుంది, ఆ మాట గుర్తుచేసి చూడండి, చప్పున చల్లబడతాడు.

రెండు రాణులున్నా అంతసేపూ ఎందుకు బయటపడలేదని అనుమానం రావచ్చు. ఇద్దరు చివరిదాకా వెళ్లి ముక్కలు చూపిస్తే కనిపించేది తొమ్మిదే: చేతుల్లో నాలుగు, బల్ల మీద అయిదు. ఆ తొమ్మిదిలో రెండు రాణులూ పడే అవకాశం దాదాపు 37 ఆటల్లో ఒకసారి. అందరూ ఫోల్డ్ చేసిన ఆటల్లో అయితే ఇంకా తక్కువ. అందుకని ఎవరో ఆ ముక్కను మధ్యలో దూర్చారని అనుమానించకండి. అలాంటి కట్టలు గంటల తరబడి మామూలుగానే నడుస్తాయి.

కళావరు నాలుగు లేకపోవడం ఒక్కటే అయితే ఆట రద్దయ్యేది కాదు. ఇది విన్నప్పుడు చాలామంది ఒప్పుకోరు. ఆలోచించండి. ఆరుగురు ఆడితే చేతులకు 12, బల్ల మీదికి 5, బల్ల మీద తెరిచే ముందు పైనుంచి తీసి పక్కన పడేసేవి 3, మొత్తం 20 ముక్కలు కదులుతాయి. మిగతా 32 ఎవరూ చూడరు. పోయిన కళావరు నాలుగు ఆ 32లో అడుగున ఉన్నట్టే, అది రాదన్న సంగతి ఎవరికీ తెలియనంతవరకు అందరికీ సమానమే. తెలిసినవాడు ఒక్కడున్నా సమానం కాదు, కాబట్టి తెలిసిన క్షణం చెప్పి, ఆ ఆట అయ్యాక కట్ట మార్చాలి.

మీ లెక్క ఎందుకు పట్టివ్వలేదో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఒకటి పోయి, ఒకటి ఎక్కువైతే మొత్తం 52 వస్తుంది. రెండు కట్టలు కలిపి రమ్మీ ఆడి, తరువాత విడదీసేటప్పుడు ఇలా తరచూ జరుగుతుంది. ఒకే డిజైన్ ఉన్న రెండు కట్టలైతే మరీనూ. లెక్కపెట్టడం మానేసి, ఆసు నుంచి రాజు దాకా 13 ముక్కల చొప్పున నాలుగు గుర్తులూ నాలుగు వరసలుగా బల్ల మీద పరచండి. ఖాళీ ఉన్నా, జంట ఉన్నా కంటికే కనబడుతుంది. అందరి ముందు పరచండి, అప్పుడు మిమ్మల్నీ ఎవరూ అనరు.

ప్రశ్న: పంచుతుంటే కట్ట మధ్యలో ఒక ముక్క తిరగబడి, బొమ్మ పైకి కనిపించింది. మళ్లీ పంచాలా?

జవాబు: అక్కర్లేదు. దాన్ని ఆటలో లెక్కకు రాని కాగితం ముక్కలా పక్కన పెట్టి, దాని కింద ఉన్నది ఇవ్వండి. రెండో, అంతకంటే ఎక్కువో అలా కనిపిస్తే, ఇద్దరు ఆటగాళ్లు తమ వంతు ఆడకముందే చెప్పినట్టయితే మళ్లీ పంచాలి. పొరపాటున పెట్టెలోంచి వచ్చిన జోకర్‌దీ కాగితం ముక్క లెక్కే. కానీ చేతికి జోకర్ వచ్చిందని చూసి కూడా నోరు మెదపకుండా కాల్ చేస్తే ఆ చెయ్యి చచ్చినట్టే, ఆ ఆటలో అతను గెలవలేడు.

ప్రశ్న: మా కట్టలో డైమను ఆసు మూల మడతపడింది. అదే కంపెనీ ఇంకో కట్టలోంచి ఆసు తెచ్చి పెట్టొచ్చా?

జవాబు: వద్దు. కంపెనీ ఒకటే అయినా, వాడి మెత్తబడిన 51 ముక్కల మధ్య తాజా ముక్క మెరుపుతోనే తెలిసిపోతుంది. అంచుల కోతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా చాలు. మడత ఆసును గుర్తుపట్టేవాడు ఒక్కడైతే, కొత్త ఆసును అందరూ గుర్తుపడతారు.

ఎవరు మడిచారన్న విచారణ కూడా పెట్టుకోకండి. చిన్న ముక్కలు వచ్చిన చేతుల్ని జనం వెంటనే పడేస్తారు, ఆసు వస్తే మూల ఎత్తి పదిసార్లు చూసుకుంటారు. కాగితం కట్టల్లో ముందు పాడయ్యేవి అవే. వరసగా ఆడేవాళ్లయితే పూర్తి ప్లాస్టిక్ ముక్కలు కొనుక్కోండి. వంచినా తిరిగి సమంగా నిలుస్తాయి, జిడ్డు పడితే తడిగుడ్డతో తుడవచ్చు. వెనక రంగులు వేరుగా ఉన్న రెండు కట్టలు పెట్టుకుంటే ఒకటి ఆడుతుండగా రెండోది కలిపి ఉంచొచ్చు. ఒకదాని ముక్క రెండోదాంట్లోకి వెళ్లి ఆట మధ్యలో కనబడితే చిప్స్ ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి, పంచగా మిగిలిన కట్టలో దొరికితే ఆట చెల్లుతుంది. మడత విషయం అలా కాదు. దాన్ని ఎవరైనా ఎత్తి చూపిస్తే ఆ ఆట చివరిదాకా ఆడి, అది ముగిశాకే కట్ట మార్చండి.