భార్యాభర్తలు వేర్వేరు ఊళ్లలో ఉంటే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనిచేస్తుందా?

పనిచేస్తుంది, ఇద్దరూ ఒకే గదిలో కూర్చోనక్కర్లేదు, ఒకే వీడియో కాల్‌లో ఉంటే చాలు. కౌన్సెలింగ్ అంటే ప్రధానంగా మాటలే. ఒకరు చెప్పేది రెండోవాళ్లు అడ్డు రాకుండా వినేలా కౌన్సెలర్ చూస్తారు, గొడవ ఎక్కడ మొదలవుతోందో వాళ్లతోనే చెప్పిస్తారు.

వలసలున్న పాలమూరు వైపు దీని అవసరం ఎక్కువే. భర్త పనికోసం ముంబై పోయాడు, భార్య నారాయణపేటలో అత్తమామలతో ఉంది, డబ్బుల దగ్గర రోజూ ఫోన్‌లో తగాదా అనుకోండి. రాత్రి పని అయ్యాక ఇద్దరూ కాల్‌లో కలిస్తే, 'ఎంత పంపావు' అన్న ప్రశ్న వెనక 'ఇంటి విషయాల్లో నన్నెందుకు అడగవు' అన్న బాధ బయటపడొచ్చు. అయితే పక్కన ఎవరూ లేని చోటు చూసుకోవాలి. అత్తగారు వింటుంటే ఏ కోడలూ మనసు విప్పదు.

చాలామంది దీన్ని పెద్దమనుషుల పంచాయితీ అనుకుంటారు. కాదు. తప్పు ఎవరిదో కౌన్సెలర్ తీర్పు చెప్పరు, సర్దుకుపొమ్మని ఒత్తిడీ చేయరు. టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం జంటగా కాల్‌లో కూర్చోవద్దు, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.