బుజ్జికి, బ్రేక్ లైట్ల విషయమై

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

పాత మారుతి 800 కొన్నావనీ, దాని బ్రేక్ లైట్లు వెలగడం లేదనీ, మెకానిక్కి ఇవ్వకుండా నువ్వే చూసుకుంటానన్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి కంగారు. నాకు మాత్రం, ఆటోనగర్‌లో షెడ్డు మూసేసినా మన ఇంట్లో ఆ పనికి దిగే చెయ్యి ఇంకొకటి ఉందని గర్వం పొంగింది. ఆ బండిలోనే సంక్రాంతికి హైదరాబాదు నుంచి తెల్లవారుజామున బయలుదేరి వస్తుందట అని చివర్లో అన్నాడు చూడు, పొంగిందంతా అక్కడే దిగిపోయింది.

రెండు పక్కలా వెలగకపోతే ముందు ఫ్యూజు చూడు. పోయి ఉంటే దాని మీద ఏ అంకె ఉందో ఆ అంకెదే వెయ్యి. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టడం, రాగి తీగ బిగించడం లాంటి తెలివితేటలు నాకు వినబడితే చెవి మెలేస్తాను. 21 వాట్ల బల్బులు రెండు కలిపి లాగేది మూడున్నర ఆంపియర్లు. ఆ మాత్రానికి ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోంది, దాన్ని వెతకాలి.

ఫ్యూజు బాగుంటే, బ్రేకు పెడల్ పైభాగాన చిన్న స్విచ్ ఉంటుంది. తల కిందికి దూర్చి చూడాలి, మెడ నొప్పి తప్పదు. దాని రెండు వైర్లూ తీసి ఓ వైరు ముక్కతో కలుపు. లైట్లు వెలిగాయా, తప్పు స్విచ్‌దే. పెడల్ వదిలినా ఆరకపోవడం ఇంకో రోగం: స్విచ్‌కి తగిలే చోట ఉండే ప్లాస్టిక్ బిళ్ల పాత బండ్లలో పొడై రాలిపోతుంది. పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ.

ఒక పక్కే వెలగకపోతే బల్బు, లేదా ఎర్త్, అంటే బల్బు నుంచి వచ్చి బండి బాడీకి బిగించే వైరు. బ్రేకు నొక్కితే ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతోందంటే బల్బులు మారుస్తూ కూర్చోకు. ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించు. వెలిగి ఆరిన బల్బును వెంటనే పట్టుకోకు. వేసవి సెలవుల్లో షెడ్డుకొచ్చి టెస్ట్ ల్యాంపు పట్టుకుని కూర్చునేదానివి, ఒకసారి వేలు కాల్చుకుని కూడా ఇంటికి వెళ్లనని ఏడ్చావు. మీ అమ్మ నాతో వారం మాట్లాడలేదు.

ఇక బల్బు సంగతి జాగ్రత్తగా చదువు.

మా షెడ్డుకొచ్చే లెక్చరరు గారొకాయన ఉండేవారు. చదువుకున్నవాణ్ణి, బల్బు మార్చడానికి కూడా మీరెందుకయ్యా అని తనే రెండు పక్కలా కొత్తవి వేసుకున్నారు. ఆ బల్బులో తీగలు రెండు: పార్కింగ్ లైటుకి 5 వాట్లది, బ్రేకుకి 21 వాట్లది. తిరగేసి పెట్టకుండా ఉండాలనే, బల్బు అడుగున పక్కలకి పొడుచుకొచ్చే రెండు చెవులనీ ఒకే ఎత్తులో పెట్టరు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఈయన హోల్డర్లు తుప్పు పట్టి వదులైపోయి ఉన్నాయి. సరిగ్గా దూరకపోతే తిప్పి, గట్టిగా నొక్కి పెట్టేశారు. పట్టపగలు భార్యను వెనక నిలబెట్టి బ్రేకు తొక్కారు. "వెలిగిందండీ" అంది ఆవిడ. నిజమే, వెలిగింది. వెలిగింది 5 వాట్ల తీగ!

రాత్రి లైట్లు వేసుకుని రోడ్డెక్కితే 21 వాట్ల తీగ ఆగకుండా వెలుగుతోంది. బ్రేకు తొక్కితే దానికి కలిసేది ఇంకో 5 వాట్లు. వెనకవాడికి తేడా ఏం తెలుస్తుంది? నందిగామ దాటాక చీకట్లో ఎద్దుబండి అడ్డం వస్తే ఈయన బ్రేకు కొట్టారు. వెనక లారీ ఆగలేదు. డిక్కీ వెనక సీటు దాకా వచ్చింది. దేవుడి దయ, ఆ సీట్లో ఆ రాత్రి ఎవరూ లేరు. చుట్టూ చేరిన జనం లారీ డ్రైవర్ని కొట్టబోతే అతను ఒకటే మాట, "ఆ దీపం మొదట్నుంచీ అలాగే మండుతోందయ్యా, బ్రేకేశాడని నాకెలా తెలియాలి?" ఎవరూ నమ్మలేదు. బండి నా దగ్గరికి చేరాక, పగిలిన అద్దం తీసి హోల్డరు చూసినప్పుడు నేను నమ్మాను.

అందుకని పగలు చూసి చాలనుకోకు. చీకటి పడ్డాక పార్కింగ్ లైట్లు వేసి, బండిని గోడకి వెనక్కి పెట్టి, అద్దంలో చూస్తూ బ్రేకు నొక్కు. గోడ మీద ఎరుపు ఒక్కసారిగా భగ్గుమనాలి. "పెరిగిందా, లేదా" అని అనుమానం వచ్చిందంటే పెరగనట్టే. హోల్డరు వదులుగా ఉంటే హోల్డరే మార్చెయ్, డబ్బులు నేనిస్తాను.

పండగ ముందు పంతంగి టోల్ దగ్గర బండ్లు ఎంత దూరం ఆగుతాయో నీకు తెలుసు. నకిరేకల్, సూర్యాపేట పక్కన మంచు ఎలా దిగుతుందో నాకు తెలుసు. ఆ మంచులో వెనకొచ్చేవాడికి నీ బండి కనబడదు తల్లీ, ఆ రెండు దీపాలే కనబడతాయి.

రాత్రి గోడ దగ్గర వీడియో తీసి నాకు పంపు. అది చూశాకే మీ నాన్నతో సరేనంటాను. మంచు విడిచాకే బయలుదేరు. మధ్యాహ్నం భోజనానికి అందకపోయినా ఫరవాలేదు, మీ పెద్దమ్మ తీసి ఉంచుతుంది.

ఇట్లు,
పెదనాన్న