తడి గడ్డి వాసన

ప్రశ్న: నా కథలో రత్తమ్మ తొమ్మిదేళ్ల వయసులో, 1977 దివిసీమ ఉప్పెనలో తమ్ముణ్ణి పోగొట్టుకుంది. ఇప్పుడు మనవలున్నావిడ. సముద్రం హోరు వినగానే అదంతా కళ్ల ముందు తిరిగి, కేక పెట్టి పడిపోయినట్టు రాశాను. చదివిన స్నేహితురాలు 'సినిమాలా ఉంది' అంది. మనసుకి తగిలిన దెబ్బని సహజంగా ఎలా చూపించాలి?
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: ఆ స్నేహితురాలిని వదులుకోకండి. అంత నిజం చెప్పేవాళ్లు దొరకరు.

మా పెద్దమ్మది నాగాయలంక దగ్గర పల్లె. నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్లి వారం తిరిగిందంతే. రాత్రంతా తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. తెల్లారేసరికి చంకలో పిల్ల లేదు. అలాంటావిడకి సముద్రమంటే భయం లేదు! మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లి తను మునిగి, మమ్మల్నీ ముంచేది. ఆవిడ తట్టుకోలేనిదల్లా తడిసిన గడ్డి వాసన. వానకి గడ్డివాము నాని ఆ వాసన వచ్చిందా, వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పడేసి గదిలోకెళ్లి గడియ పెట్టుకునేది. అడిగితే 'తలనొప్పిరా' అనేది. ఇళ్ల కప్పుల మీది గడ్డి ఆ రాత్రి నీళ్లలో కొట్టుకొచ్చి మొహానికి చుట్టుకుందని చాలా ఏళ్లకి చెప్పింది. అదీ చింతపండు పిసుకుతూ, పక్కింటివాళ్ల గొడవ చెప్పినట్టు. మధ్యలో ఆగి 'పులుసులో ఉప్పేశానా?' అంది.

చూశారా, ఏడుపు లేదు. దెబ్బ తిన్న మనిషి తన కథ చెప్పేటప్పుడు గొంతు చప్పగా ఉండటం మామూలే. జ్ఞాపకం కూడా రీలు తిరిగినట్టు వరసగా రాదు. ఒక వాసన, ఒక చప్పుడు, ఒంటి మీద చలి, ముక్కలు ముక్కలుగా వస్తుంది. మిగిలిందంతా ఆ ముక్క ఎదురుపడకుండా మనిషి అల్లుకున్న అలవాట్లు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం, నిద్ర చాలకపోవడం, అయినవాళ్ల పెళ్లిలో కూడా సంతోషం అంటకపోవడం. కథకి పనికొచ్చేవి ఇవి.

ఇంకో చిక్కు. మీ కథలో 1978లోనే డాక్టరు 'ఇది పీటీఎస్‌డీ' అంటాడు, అంటే ఘోరమైన దెబ్బ తిన్నాక మనసుని వదలని జబ్బు అని. ఆ పేరు అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో. అప్పటి ఊళ్లో 'పిల్ల దడుచుకుంది' అనేవారు, తాయెత్తు కట్టేవారు. ఆ మాటలే రాయండి, డాక్టర్ని ఇంటికి పంపేయండి. అలాగే రత్తమ్మ అన్నయ్యకి కూడా అదే జబ్బు పెట్టారు. అక్కర్లేదు. ఒకే చెట్టు పట్టుకున్న ఇద్దరిలో ఒకరు మామూలుగానే బతికేయొచ్చు. అన్నయ్య హాయిగా నిద్రపోతుంటే ఆమెకి ఎంత ఒళ్లు మండుతుందో, అది రాస్తే బాగుంటుంది. చివర్లో మనవరాలిని కావలించుకుని ఒక్కసారి ఏడ్చేసరికి అంతా నయమైపోవడం మాత్రం నేను నమ్మలేకపోయాను.

మీ రాతప్రతిలో, మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: 'రత్తమ్మ పడుకునే ముందు మనవడి చొక్కా అంచుని తన కొంగుకి ముడేసింది.' దాని గురించి మీరు మళ్లీ మాట్లాడనేలేదు. సముద్రం దగ్గర పడిపోయే పేజీన్నర కొట్టేసి, ఆ ముడి దగ్గర మొదలుపెట్టండి. వాడికి పదేళ్లొచ్చి, 'నాయనమ్మా, నేను విడిగా పడుకుంటా' అన్న రాత్రి ఏమైందో రాసి పంపండి.