మేటి రైడర్లు రోజూ ఎందుకు దూకరు? శ్రీశైలం దారిలో నాకు దొరికిన జవాబు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: టూర్ డి ఫ్రాన్స్ వంటి మూడు వారాల సైకిల్ పోటీలో మేటి రైడర్లు రోజుకు నాలుగైదు గంటలు గుంపులోనే దాగి ఉండి చివరి కొద్ది కిలోమీటర్లలో మాత్రమే దూకడం, అంటే ఒక్కసారిగా వేగం పెంచి గుంపును వదిలి ముందుకు పోవడం, చూసేవాళ్లకు అన్యాయం కాదా, దారిలో కొండలు ఇంకా పెంచితే ఈ బద్ధకం వదలదా అని మీరు అడుగుతున్నారు. నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. పోటీల్లో పాల్గొనేవాణ్ని కాను. ఆదివారాలు సైకిల్ తొక్కుతాను, జూలై వచ్చిందంటే రాత్రి తొమ్మిదింటికి స్టేజ్ (ఆ రోజు పోటీ) ముగిసేదాకా భోజనానికి లేవను. మీకున్న కోపమే చాలా ఏళ్లు నాకూ ఉండేది. ఒక్క రోజు శ్రీశైలం ప్రయాణం దాన్ని మార్చింది.

ఆ రోజు డిండి నుంచి చీకటితోనే ఐదుగురం బయలుదేరాం. మాలో పెద్దాయన ఒక రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు. మన్ననూరు ఘాట్ మొదలవగానే నా కాళ్లలో బలం పొంగినట్టనిపించి, వెనక్కి చూడకుండా ముందుకు దూకాను. పైకి చేరేసరికి ఎవరూ కనిపించలేదు. నల్లమల అడవిలో రోడ్డు ఒకసారి దిగుతూ, ఒకసారి ఎక్కుతూ సాగుతుంది. అక్కడ గాలిని చీల్చే పనంతా ఒంటరిగా నామీదే పడింది. వాళ్లు నలుగురూ వంతులవారీగా ముందుకు వస్తూ, మిగతా ముగ్గురూ ముందువాడి చక్రం వెనక సేద తీరుతూ, వట్వర్లపల్లి దగ్గరికి వచ్చేసరికి మాట్లాడుకుంటూనే నన్ను అందుకున్నారు. నేను మాత్రం అప్పటికే ఆయాసపడుతున్నాను. ఈగలపెంట దాటి ఘాట్ దిగి, కృష్ణ వంతెన మీదుగా లింగాలగట్టు చేరి, సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టాక నా ఒంట్లో ఏమీ మిగల్లేదు. జేబులోంచి పల్లీపట్టీ తీశాను గానీ దాని కాగితం చించడానికి వేళ్లు పట్టు దొరకబుచ్చుకోలేకపోయాయి. చొక్కా భుజాల మీద చెమట ఆరి తెల్లటి ఉప్పు గీతలు కట్టింది. పెద్దాయన వేగం తగ్గించి నా పక్కకు వచ్చి, ఆ కాగితం తానే చించి ఇచ్చి, "తమ్మీ, ఇగ నా ఎన్కనే ఉండు, ముంగటికి రాకు" అన్నారు. శిఖరం చేరేదాకా ఆయన వెనక చక్రం తప్ప నాకు ఇంకేమీ కనిపించలేదు.

మన్ననూరు దగ్గర నేను చూపించిన ధైర్యానికి మధ్యాహ్నం శ్రీశైలంలో వెల కట్టాల్సి వచ్చింది. మూడు వారాలపాటు, 21 స్టేజీలలో, సుమారు 3,400 కిలోమీటర్లు తొక్కే రైడర్‌కు ఈ లెక్క ప్రతి ఉదయమూ ఉంటుంది. చదును రోడ్డు మీద ముందువాడి వెనక ఉంటే మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. ఎక్కుడు నిటారుగా మారి వేగం తగ్గినకొద్దీ ఆ ఆసరా సన్నగిల్లుతుంది, అప్పుడే ఎవరి బలం ఎంతో బయటపడుతుంది. అందుచేత ముగింపుకు అరవై కిలోమీటర్ల ముందు ఎంత పెద్ద కొండ పెట్టినా, దాని తర్వాత పొడవైన చదును లోయ ఉంటే, మొత్తం పోటీ గెలవాలనుకునే తెలివైన జట్టు నాయకుడు అక్కడ కదలడు. కదలమని మనం కోరడం అతణ్ని ఓడిపొమ్మని కోరడమే అవుతుంది.

కాబట్టి కొండల సంఖ్యకన్నా వాటి క్రమం ముఖ్యమని నా అభిప్రాయం. 2023 టూర్‌లో 16వ స్టేజ్ 22 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే రోజు. ఆ ఒక్క రోజే యోనస్ వింగెగార్డ్ తన ప్రధాన ప్రత్యర్థి తదే పొగాచర్ మీద 1 నిమిషం 38 సెకన్లు సంపాదించాడు. ఆ మర్నాడే ఐదు వేల మీటర్లకు పైగా ఎక్కుడుతో కూర్షెవెల్ స్టేజ్ పెట్టారు. ఆ దారిలోని కోల్ ద లా లోజ్ కొండ మీద పొగాచర్ రేడియోలో "నా పని అయిపోయింది, నేను చచ్చాను" అన్నాడు, ఆ రోజు వింగెగార్డ్ కన్నా ఐదున్నర నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. ఆ మాట వింటుంటే నాకు లింగాలగట్టు ఎక్కుడే కళ్లముందు మెదిలింది. టైమ్ ట్రయల్‌లో ఒళ్లు హూనమైన మర్నాడే ఎత్తయిన కొండ ఉండటం వల్ల అది జరిగింది. 2020లో లా ప్లాంష్ దే బెల్ ఫీయ్ కొండ మీద ముగిసే ఆఖరి టైమ్ ట్రయల్ మొదలయ్యేటప్పుడు ప్రిమోజ్ రోగ్లిచ్‌కు అన్ని రోజులూ కలిపిన మొత్తం సమయంలో పొగాచర్ మీద 57 సెకన్ల ఆధిక్యం ఉంది. 36 కిలోమీటర్ల తర్వాత పోటీ పొగాచర్ చేతికి చిక్కింది. టైమ్ ట్రయల్ చూడటానికి విసుగని మనలో చాలామంది అంటారు, కానీ అక్కడ నష్టపోయినవాడే కొండల్లో తెగించక తప్పనివాడవుతాడు. వాటిని దాదాపు తీసేసి, ఆపైన కొండల్లో ఎవరూ తెగించడం లేదని అనడం నాకు న్యాయంగా తోచదు.

రైడర్ల నుంచి మనం ఆశించేది కూడా నిలకడగా లేదు. 2024లో పొగాచర్ ఇటలీలో జరిగే మూడు వారాల పోటీ జీరో ద ఇటాలియాను దాదాపు పది నిమిషాల తేడాతో, తర్వాత టూర్‌ను ఆరు నిమిషాలకు పైగా తేడాతో గెలిచి, రెండింటిలోనూ ఆరేసి స్టేజీలు తీసుకున్నాడు. రోజూ దూకమని అడిగినవాళ్లే అప్పుడు ఉత్కంఠ లేదన్నారు. 2025లో లా ప్లాన్యుకు వెళ్లే 19వ స్టేజ్‌లో అతను ఆఖరి కిలోమీటర్లలో దూకకుండా ఆధిక్యాన్ని కాపాడుకుంటే, మొత్తం సమయంలో ముందున్నవాడు తొడిగే పసుపు జెర్సీకి తగని పిరికితనం అన్నారు. ఆ టూర్ చివరి వారంలో మోకాలి నొప్పితో తొక్కానని తర్వాత అతనే చెప్పాడు. అదే స్టేజ్‌ను దారిలోని ఒక కొండ మీద పశువులకు లంపీ వ్యాధి సోకడంతో 130 కిలోమీటర్ల నుంచి 95కు కుదించారు. మన పల్లెల్లో ఆ వ్యాధి చూసినవాళ్లకు నిర్వాహకులు ఎందుకు వెనక్కి తగ్గారో విడమరచి చెప్పనక్కర్లేదు. అయినా మార్గం చెడగొట్టారని ఎంతోమంది మండిపడ్డారు.

ఇక్కడ ఒక పాత జ్ఞాపకం చెప్పాలి. నా చిన్నతనంలో మా పాలమూరు పల్లెల్లో కాలు కింద పెట్టకుండా రోజుల తరబడి సైకిల్ తొక్కేవాళ్లు వచ్చేవారు. బడి ముందర మైకు కట్టి పాటలు వేసేవారు. ఆఖరి సాయంత్రం ఊరంతా వచ్చి తొక్కేవాడి చొక్కాకు నోట్లు గుచ్చేది. నేను ఒకసారి రెండో రాత్రి మా తాతతో వెళ్తే మైకు ఆగిపోయి ఉంది, చూసేవాళ్లు ఎవరూ లేరు, అతను కళ్లు మూతలు పడుతుండగా నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతున్నాడు. మా తాత చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు. పోటీలో వెనకబడిన గుంపును చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది. 2024 టూర్ మొదటి రోజే చదును స్టేజీల ఆఖరి పరుగులో గెలిచే మార్క్ కావెండిష్ ఎండకు వాంతులు చేసుకుంటూ, దాటితే పోటీ నుంచి తప్పించే సమయ గడువులోపు చేరడానికే ప్రాణం పెట్టాడు. ఐదో స్టేజ్‌లో టూర్‌లో తన 35వ స్టేజ్ విజయం సాధించి, పాతతరం మేటి ఎడ్డీ మెర్క్స్ 34 విజయాల రికార్డును దాటాడు. మొదటి రోజు అతనికోసం తమ అవకాశాలు వదులుకుని వెనక ఉండిపోయిన సహచరులను కెమెరా కొద్దిసేపే చూపించింది.

మీ రెండో ప్రశ్నకు ఒక ఉదాహరణ 2026 టూర్ మార్గంలోనే ఉంది. 19, 20వ స్టేజీలు రెండూ ఆల్ప్ డ్యూయెజ్ కొండ మీదే ముగిసేలా ప్రకటించారు; రెండోదానిలో క్రువా ద ఫేర్, గాలిబియే, సారెన్ కొండలతో కలిపి దాదాపు 5,600 మీటర్ల ఎక్కుడు. ఇలాంటి జంటలో మొదటి రోజు నాయకుల్లో ఎవరూ పెద్దగా కదలకపోతే నేను నిందించను. మీరు ఆ రోజు నాయకుణ్ని కాసేపు పక్కన పెట్టి, అతని ముందు గాలికి ఎదురు తొక్కుతున్న సహచరులు ఇంకా ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి, వాళ్లలో ఎవరి భుజాలు ఊగుతున్నాయో, ఎవరు నీళ్ల సీసా తీయడానికి కూడా చేయి వదలలేకపోతున్నారో చూడండి. మర్నాడు ఎవరు కూలుతారో అక్కడే తెలిసిపోతుంది.