నీటి గుహల్లో మునక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన ఏడాది అండమాన్‌లో స్కూబా (సిలిండరు గాలి పీలుస్తూ నీటిలో మునగడం) మొదటి కోర్సు పూర్తి చేసి కార్డు తెచ్చుకున్నాడు. వచ్చే నెల ఒక శని, ఆదివారాల్లో ఫ్లోరిడాలో నీటి గుహల మీద శిక్షణ శిబిరం జరుగుతుందనీ, పాఠాలయ్యాక అందరూ జట్లుగా గుహల్లోకి మునుగుతారనీ, తానూ పేరిచ్చాననీ చెప్పాడు. "గుంపుతో పోతున్నాం, భయం లేదమ్మా" అంటున్నాడు. పొమ్మనాలా, వద్దనాలా? వాణ్ణి ఏమని అడగాలో కూడా తెలియడం లేదు.
– ఒక తల్లి, తాడిపత్రి

జవాబు: అమ్మా, శిబిరానికి పొమ్మనండి. గుహలోకి మునిగే జట్టులో మాత్రం ఇప్పుడే చేరవద్దని గట్టిగా చెప్పండి.

మీ అబ్బాయి దగ్గరున్న మొదటి కార్డు 18 మీటర్ల లోతు వరకు, తల పైన అడ్డు లేని నీటిలో మునగడానికి ఇచ్చినది. సముద్రంలో గాలి గొట్టం చెడిపోయినా, గుండె దడ పుట్టినా, నెమ్మదిగా పైకి వస్తే ఆకాశం కనబడుతుంది. ఆ కోర్సులో నేర్పే ఉపాయాలన్నీ చివరికి ఈ ఒక్క వెసులుబాటు మీదే ఆధారపడి ఉంటాయి. నీటి గుహలో తల పైన రాతి కప్పు ఉంటుంది కనుక ఎంత దూరం లోపలికి వెళ్లారో అంత దూరమూ వచ్చిన దారినే వెనక్కి ఈదితే తప్ప ఊపిరి పీల్చుకునే చోటు దొరకదు. పైగా అడుగున పేరుకున్న మెత్తని ఒండ్రుకు కాలి రెక్క ఒక్కసారి గట్టిగా తగిలితే చాలు, అద్దంలా ఉన్న నీరు క్షణాల్లో చిక్కబడి, చేతిలోని దీపం కూడా కనబడని స్థితి వస్తుంది. ఉత్తర ఫ్లోరిడాలోని ఎన్నో గుహల వాకిళ్లలో, నీటి అడుగున, మృత్యువు బొమ్మతో ఒక హెచ్చరిక పలక నిలబెట్టి ఉంటుంది. ఇలాంటి గుహల్లో 300 మందికి పైగా చనిపోయారనీ, వారిలో స్కూబా నేర్పే గురువులు కూడా ఉన్నారనీ దాని మీద రాసి ఉంటుంది. సముద్రంలో నేర్పరి అయినవాడు గుహలో కూడా నేర్పరి అవుతాడనుకోవడమే ఆ మరణాల్లో చాలావాటికి మూలం.

ఇక గుంపు సంగతి. గుంపులో ఉన్నంత మాత్రాన గుహలో రక్షణ పెరగదు. ఒక్క లెక్క చూడండి. 12 లీటర్ల సిలిండరును 200 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో, నింపితే అందులో 2,400 లీటర్ల గాలి ఉంటుంది. స్థిమితంగా ఉన్న మనిషికి నీటి పైన నిమిషానికి 20 లీటర్లు సరిపోతాయనుకుంటే, 20 మీటర్ల లోతున ఒత్తిడి మూడింతలు కనుక 60 లీటర్లు కావాలి. అంటే ఆ సిలిండరు నలభై నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గుహల్లో మునిగేవారు ఆ గాలిని మూడు భాగాలు చేసి, ఒక భాగం పోవడానికి, ఒక భాగం రావడానికి వాడుకొని, మూడో భాగాన్ని ముట్టుకోకుండా ఉంచుతారు. ఆ మూడో భాగం, బాగా లోపల ఉన్నప్పుడు తోటివారి గాలి పూర్తిగా పోతే వారిని కూడా బయటికి తీసుకురావడానికి. కాబట్టి లోపలికి వెళ్లగలిగేది పదమూడు నిమిషాలే. (అందుకే వీళ్లు జంట సిలిండర్లు కట్టుకుంటారు.) జట్టులో ఎవరి మొదటి భాగం ముందు అయిపోతే వారితోపాటు అందరూ వెనక్కి తిరగవలసిందే. కొత్తవాడు బెదురుతో గబగబా పీలుస్తాడు. అతనికి సాయపడే బరువు మిగిలినవారి మీద పడుతుంది, భయం పుడితే ఇద్దరి ఊపిరీ రెట్టింపై దాచిన గాలి కూడా చాలకపోవచ్చు. అందుకే అనుభవం ఉన్నవారు ఇద్దరు ముగ్గురికి మించిన జట్టు కట్టరు.

అబ్బాయిని నాలుగు సంగతులు అడగండి. తనను ఏ మెట్టులో చేర్చుకుంటున్నారు? మొదటి మెట్టు, పగటి వెలుతురు కనబడే మేర దాటకుండా గుహ వాకిట్లోనే గురువుతో చేసే శిక్షణ. ఆ తర్వాతి మెట్లు ఎక్కడానికి మరిన్ని రోజులూ, మరెన్నో మునకలూ పడతాయి, ఒక శని, ఆదివారంలో ముగిసేవి కావు. బయటి నీటి నుంచి లోపలి చివరి వరకు తెగకుండా తాడు పరుస్తారా? ఒక్కొక్కరి దగ్గర మూడేసి దీపాలు ఉంటాయా? ఇవి ఎవరో కుర్చీలో కూర్చుని రాసిన నియమాలు కావు, షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ ఈతగాడు గుహల్లో జరిగిన ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1979లో క్రోడీకరించిన జాగ్రత్తలకు కొనసాగింపు. ఆఖరిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: ఎవరైనా బొటనవేలు పైకి చూపితే (నీటిలో అది 'బాగుంది' అని కాదు, 'ఇక చాలు, తిరిగిపోదాం' అనే సైగ), కారణం అడగకుండా, తర్వాత దెప్పిపొడవకుండా, జట్టంతా వెనుదిరుగుతుందా? దీనికి తడుముకోకుండా అవునని చెప్పలేని జట్టుతో వాకిట్లోకి కూడా దిగవద్దనండి.

శిబిరంలో అతనికి పనికివచ్చేది చాలా ఉంటుంది. గాలి లెక్కలు, పరికరాల అమరిక, ఒండ్రు రేగకుండా కప్పలా కాళ్లు ఆడించే ఈత, పాత ప్రమాదాల మీద చర్చ, ఇవన్నీ గుహలోకి పోకుండానే నేర్చుకోవచ్చు. మరొక మాట. ఆదివారం సాయంత్రం విమానానికి డల్లాస్ తిరిగిపోవాలనుకుంటే, ఎక్కడ మునిగినా సరే, రెండు రోజుల మునకల తర్వాత కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. ఒంట్లో కరిగి ఉన్న నత్రజని, ఎత్తుకు పోగానే బుడగలు కట్టి కీళ్లకూ నరాలకూ హాని చేస్తుంది. టికెట్టు సోమవారానికి మార్చుకోమనండి.

ప్రశ్న: బెలుం గుహల్లో పాతాళగంగ ఉంది కదా. మన దగ్గర కూడా ఇలాంటి శిబిరం పెట్టి మునకలు వేయించలేమా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జవాబు: మునకలు కుదరవు. బెలుం 3,229 మీటర్ల పొడవైన గుహే, అయినా మనం చూసేది దాదాపుగా నీరు ఇంకిపోయిన గుహ. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని లక్షల ఏళ్లు కరిగిస్తే ఏర్పడ్డ దారులవి. వాకిలి మట్టానికి దాదాపు 46 మీటర్ల దిగువనున్న పాతాళగంగ సన్నగా పారి రాళ్ల కిందికి పోయే ఊట, మనుషులు ఈదే మడుగు కాదు. ఫ్లోరిడాలోనూ అదే సున్నపురాయి, అదే కరగడం. తేడా అల్లా అక్కడి దారులు ఇంకా నీటితో నిండి ఉండడం, ఆ నీరు గుహలోంచి బయటికి ఉబికి వస్తూ తిరుగు ప్రయాణానికి సాయపడడం.

శిబిరంలో పొడి నేల మీద చేసే సగం మాత్రం కర్నూలులో చక్కగా జరపవచ్చు, జరపాలని నాకూ ఉంది. గుహ మునకలో మొదటి అభ్యాసం నీటిలో కాదు, చెట్ల మధ్య జరుగుతుంది. రీలు నుంచి తాడు వదులుతూ, చెట్టుకూ రాయికీ చుట్టుకుంటూ పోయి, ఆపై కళ్లకు గంతలు కట్టుకొని, తాడును వేళ్ల మధ్య జారనిస్తూ వెనక్కి రావాలి. ఏ మామిడి తోట అయినా ఇందుకు సరిపోతుంది. ఆ తర్వాత సందర్శకులకు తెరిచిన సుమారు కిలోమీటరున్నర దారిలో, నిర్వాహకుల అనుమతితో, టేపూ దిక్సూచీ పట్టుకొని పటం గీయడం నేర్చుకోవచ్చు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహల గురించి రాశాక దాదాపు వందేళ్లకు, 1982, 1983ల్లో జర్మనీకి చెందిన డేనియల్ గెబవర్ బృందం వచ్చి లోపలి దారులను కొలిచి పటం గీసేవరకు వాటి విస్తృతి లోకానికి తెలియలేదు. మన కాలేజీల పిల్లలు ఆ విద్య నేర్చుకుంటే, సున్నపురాతి నేలలున్న మన జిల్లాల్లో చేయవలసిన పని ఎంతో ఉంది.

ప్రశ్న: మా పొలంలోని పాత బావి గోడలో, నీటి కింద, మనిషి దూరేటంత సొరంగం ఉంది. నేను చిన్నప్పటి నుంచి బావుల్లో ఈదినవాణ్ణి, ఊపిరి బిగబట్టి అడుగు మట్టి తేగలను. సిలిండరు అద్దెకు దొరికితే లోపలికి పోయి చూడాలని ఉంది.
– ఒక రైతు, జమ్మలమడుగు దగ్గర

జవాబు: అయ్యా, దయచేసి ఆ పని చేయకండి. మీ ఈతను తక్కువ చేయడం లేదు. అయితే ఊపిరి బిగబట్టే అలవాటే సిలిండరుతో మునిగినప్పుడు ప్రాణాంతకమవుతుంది. పది మీటర్ల లోతున సిలిండరు నుంచి నిండుగా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి ఊపిరితిత్తుల్లో రెండింతలకు ఉబ్బి వాటిని చీలుస్తుంది. సిలిండరు లేకుండా దూరితే, తిరిగే చోటు కూడా లేని ఇరుకులో ఊపిరి చాలదు. లోపల గాలి గూడు కనబడినా అక్కడ బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఉండవచ్చు. బావిలో దిగినవాడు పడిపోతే కాపాడబోయి వెనుక దిగినవారు కూడా చనిపోయిన సంగతులు మన పల్లెల్లో అందరికీ తెలిసినవే.

2018లో థాయిలాండ్‌లో పిల్లలు చిక్కుకున్న గుహలోకి వెళ్లి, సిలిండర్లు చేరవేసి తిరిగి వస్తూ గాలి అందక చనిపోయిన సమన్ కునన్, నావికాదళంలో శిక్షణ పొందినవాడు. అక్కడ రోజుల తరబడి పంపులతో నీరు తోడారు. ఆ పనిలో సలహాలకు పంపులు తయారుచేసే మన కిర్లోస్కర్ బ్రదర్స్ కంపెనీ ఇంజనీర్లు కూడా వెళ్లారు. మీరు కూడా నీటిని తోడే దారే చూడండి. ఎండాకాలంలో నీరు దిగినప్పుడు మోటారుతో ఇంకొంత తోడించి, గట్టు మీది నుంచే తాడుకు దీపమూ కెమెరా కట్టి సొరంగం ఎదుటికి దించండి. డీజిల్ ఇంజన్ అయితే దాన్ని బావిలోకి దించకూడదు, పొగ అడుగునే నిలిచిపోతుంది. తీసిన బొమ్మలను కడపలోని భూగర్భ జలశాఖ కార్యాలయంలో చూపించండి. ఈలోగా బావిలో ఈదే పిల్లలు అటు పోకుండా సొరంగం మూతికి ఇనుప జాలీ బిగించండి. జాలీలోంచి ఊట నీరు మామూలుగానే వస్తుంది.