ఫిల్టర్ వేస్ట్ నీళ్లు కుండీలకు పోయొచ్చా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది నల్లగొండ. మిద్దె మీద కుండీలల్ల కల్యామాకు, పుదీన పెట్టిన. నీళ్లు దండుగ అయితున్నయని ఆర్వో ఫిల్టర్ వేస్ట్ నీళ్లు బకెట్ల పట్టి పోస్తున్న. ఇప్పుడు కల్యామాకు కొత్త ఆకులు పసుపు రంగుల వస్తున్నయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగనే ఉన్నయి. పెంట ఎరువు ఏసినా గంతే. ఏం చెయ్యాలె? (ఒక పాఠకురాలు)

జవాబు: చెల్లె, ముందుగాల ఆ బకెట్ ఆపెయ్యి. నీళ్లు దండుగ కావొద్దన్న నీ ఆలోచన మంచిదే, గని మన దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడు, సున్నం ఎక్కువ గద, ఆర్వో మిషిన్ ఆ ఉప్పులను మాయం చెయ్యది, తాగే నీళ్లల్ల నుంచి తీసి వేస్ట్ పైపుల పంపిస్తది, అంటే నువ్వు పోసేవి బోరు నీళ్ల కంటె ఎక్కువ ఉప్పున్న నీళ్లు. పొలంల అయితే వానకు కొంత కిందికి దిగిపోతది, కుండీల ఎటు పోతది? ఎండకు నీళ్లు ఆవిరైతయి, ఉప్పు మిగులుతది. మట్టి మీద, కుండీ అంచుకు తెల్లగ పేరుకున్నదేమో చూడు, అదే.

కొత్త ఆకు పసుపు, ఈనె ఆకుపచ్చ అంటే చెట్టుకు ఐరన్ అందుతలేదు. మన ఎర్ర చెల్క మట్టిల ఐరన్ బాగనే ఉంటది, సున్నం నీళ్లు పోసి పోసి మట్టి క్షారం అయితే వేరు దాన్ని గుంజుకోలేదు, అందుకే పెంట ఎరువుకు గుణం కనవడలే. కింది ముదురు ఆకులు ముందు పసుపైతే అది వేరే ముచ్చట, నత్రజని తక్కువైనట్టు, దానికైతే ఎరువు పనిచేస్తది.

తెల్లగైన పైమట్టి ఒక అంగుళం గీకి పారెయ్యి. భగీరథ నల్లా నీళ్లు, వాన నీళ్లు దొరికితే ఇంక మంచిది, కుండీ కింది బొక్కల నుంచి కారేదాక పొయ్యి, జెర ఆగి మళ్ల పొయ్యి. కింద ప్లేటు ఉంటే అండ్ల నిలిచిన నీళ్లు పారబొయ్యి. తర్వాత లీటరు నీళ్లల్ల 5 గ్రాముల అన్నభేది (ఐరన్ ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద కొట్టు, వారం పది రోజులకు ఇంకోసారి. కొట్టినంక కొన్నాళ్లు ఆకు తెంపకు. కొత్తగ వచ్చే చిగురు రంగు చూస్తే తెలుస్తది. వేస్ట్ నీళ్లంటవా, బాత్రూం కడగనీకి పనికొస్తయి.

ప్రశ్న: ధనియాలు చల్లితే సగం మొలుస్తలేవు, మొలిచినయి నెల తిరగకముందే పూతకొస్తున్నయి. విత్తనం మంచిది కాదా అక్కా? (మహబూబ్‌నగర్)

జవాబు: తమ్మీ, పూతకు కారణం ఎండ. కొతిమీర చలికాలం పంట, పాలమూరుల ఏప్రిల్, మే నెలలల్ల 40 డిగ్రీలు దాటుతది, ఆ వేడికి ఆకు మానేసి గింజకు పోతది, పూత తెంపినా ఆగది. ఎండకాలం కావాలంటే పొద్దటి ఎండ మాత్రమే తగిలే జాగల, గ్రీన్ నెట్ కింద పెట్టు, అయినా చలికాలమంత గుబురుగ రాదు. మొలకకైతే, ధనియంల రెండు గింజలుంటయి, మెల్లగ నలిపి బద్దలు చేసి రాత్రంత నానబెట్టి చల్లు, 8-10 రోజులకు లేస్తయి. డబ్బాల ఏండ్లకేండ్లు ఉన్నయి మొలవవు. నారు పీకి వేరే కుండీల నాటకు, వేరు కదిలితే తట్టుకోదు.

ప్రశ్న: కల్యామాకును ఆకుపచ్చ పురుగులు మొత్తం తింటున్నయి, ఏం మందు కొట్టాలె? (వనపర్తి)

జవాబు: రసాయన మందు వద్దే వద్దు, రోజూ కూరల ఏసుకునే ఆకు అది. నిమ్మ చెట్టు మీద వచ్చే సీతాకోకచిలుక పురుగులే ఇవి, కల్యామాకు గూడ నిమ్మ కుటుంబమే. చిన్నగున్నప్పుడు పిట్ట రెట్ట లెక్క కనవడుతయి, అప్పుడే చేతితోటి ఏరెయ్యి. మరీ ఎక్కువుంటే లీటరు నీళ్లల్ల 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి పొద్దుగూకినంక కొట్టు.