టెక్ సందేహాలు: సైకాలజీ ల్యాబ్‌కి పాత డెస్క్‌టాప్ సరిపోతుందా?

ప్రశ్న: మాది గంజాం జిల్లా బరంపురం. డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న పిల్లలతో స్ట్రూప్ ప్రయోగం (రంగు పేరున్న మాట చూపించి, ఆ మాట కాకుండా అది ఏ రంగులో రాసి ఉందో చెప్పడానికి పట్టే టైమ్ కొలిచేది) చేయించాలనుంది. మా దగ్గరున్నది ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10తో ఒక పాత డెస్క్‌టాప్. మిల్లీసెకన్లు కొలవాలంటే గేమింగ్ కంప్యూటర్ కావాలని కొందరు, లైసెన్సు సాఫ్ట్‌వేర్ తప్పదని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కొత్త కంప్యూటర్ కొనకండి. ఉన్నది చాలు. సాఫ్ట్‌వేర్‌కీ ఖర్చు అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో జోనథన్ పీర్స్ మొదలుపెట్టిన సైకోపై అనే ప్రయోగాల సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. పరిశోధకులు ఎప్పటినుంచో వాడుతున్నదే. అందులోని బిల్డర్ అనే భాగంలో కోడ్ రాయకుండానే ప్రయోగం తయారు చేసుకోవచ్చు.

ఇక మిల్లీసెకన్ల టెన్షన్ సంగతి. 1935లో స్ట్రూప్ చూపించిన విషయం మీకు తెలిసిందే: నీలం రంగులో రాసిన ‘ఎరుపు’ అనే మాటకు రంగు చెప్పాలంటే తడబడతాం. మీరు లెక్కగట్టేది మాటా రంగూ కలవనప్పుడు పట్టిన టైమ్‌కీ, కలిసినప్పుడు పట్టిన టైమ్‌కీ మధ్య తేడా. మీ మానిటర్ ప్రతిసారీ 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేసినా అది రెండు వైపులా ఉంటుంది, తీసివేతలో పోతుంది. మామూలు యూఎస్‌బీ కీబోర్డు 8 మిల్లీసెకన్లకోసారి కబురు పంపుతుంది. ఆ చిన్న తేడా కూడా రెండు వైపులా సమానంగా పడి, ట్రయల్స్ (ఒక్కో మాట చూపించి జవాబు తీసుకోవడం) ఎక్కువ ఉంటే సగటులో సర్దుకుంటుంది. చేటు చేసేది ఒకసారి ఉండి ఒకసారి లేని ఆలస్యం. మధ్యలో మొదలయ్యే అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, నిద్రపోయి లేచే బ్లూటూత్ కీబోర్డు లాంటివన్నమాట. కాబట్టి మొదటి విద్యార్థి నుంచి చివరి విద్యార్థి దాకా అదే కంప్యూటర్, అదే మానిటర్, అదే వైరున్న కీబోర్డు ఉండాలి. మధ్యలో ఏదీ మార్చొద్దు, సైకోపై వెర్షన్‌తో సహా.

విండోస్‌లో ప్రయోగానికి విడిగా ఒక యూజర్ అకౌంట్ పెట్టండి. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో ఉంచి, స్లీప్, నోటిఫికేషన్లు ఆపేయండి. నెట్ కేబుల్ తీసేయండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది గనుక ఆ సిస్టమ్ నెట్‌కి దూరంగా ఉండడమే మేలు. యూపీఎస్ మాత్రం తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే ఆ విద్యార్థి ఫలితాలు మొత్తం పోవచ్చు.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చూడండి. 60 హెర్ట్జ్ అయితే తెర 16.67 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, అలా మారే ఒక్కో తెర ఒక ఫ్రేము. మాటను 50 మిల్లీసెకన్లు చూపించొచ్చు, అది మూడు ఫ్రేములు. 40 మాత్రం కుదరదు, 33 గానీ 50 గానీ వస్తుంది. అందుకే తక్కువ వ్యవధులను బిల్డర్‌లో సెకన్లలో కాకుండా ఫ్రేముల్లో ఇవ్వండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష చేయండి. కీ నొక్కగానే నల్ల తెర తెల్లగా మారే చిన్న ప్రయోగం తయారు చేసి, వేలూ తెరా రెండూ కనపడేలా ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ తీయండి. వీడియోలో ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. కీ కిందికి దిగిన ఫ్రేము నుంచి తెర వెలిగిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఇలా ఓ ఇరవై సార్లు చేయండి. అయిదారు ఫ్రేముల తేడా మామూలే, తెర రిఫ్రెష్, కీబోర్డు కలిసి అంత తెస్తాయి. ఎప్పుడైనా లెక్క ఒక్కసారిగా ఇరవై ముప్ఫై ఫ్రేములు పెరిగిందంటే వెనకాల ఏదో ప్రోగ్రామ్ నడుస్తోంది. అదేదో పట్టుకున్నాకే పిల్లల్ని పిలవండి.

కంప్యూటర్ కంటే నాకు బెంగగా ఉన్నది భాష సంగతి. మీ దగ్గర చాలామంది పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరం మాత్రం కూడబలుక్కుని చదువుతారు, కొందరికి అసలు రాదు. చదవడం అప్రయత్నంగా జరిగిపోతేనే స్ట్రూప్ తడబాటు వస్తుంది. చదవలేని పిల్లకు ‘ఎరుపు’ అన్నది రంగు వేసిన బొమ్మే. అది చూసుకోకుండా ‘తెలుగులో తడబాటు తక్కువ’ అని రాస్తే తప్పు రాసినట్టే. ముందు రెండు లిపుల్లోనూ చిన్న పేరా చదివించి టైమ్ రాసుకోండి. ఇంకో మాట: తెలుగు, ఒడియా రంగుల పేర్లలో పసుపు–హళదియా, ఆకుపచ్చ–సబుజ పూర్తిగా వేరు మాటలు గానీ, నీలం–నీళ దాదాపు ఒకటే. నీలం ఫలితాలు విడిగా చూడండి.

మాటల్ని టెక్స్ట్‌గా పెట్టకండి. ఒక్కోసారి వత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంట్‌లో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. దాంతో ఒక్కో మాటనూ ఒకే ఎత్తులో పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి చూపించండి. జవాబుకు నాలుగు కీల మీద రంగు స్టిక్కర్లు అంటిస్తే చాలు.

ప్రశ్న: రాయగడ నుంచి పీజీ విద్యార్థిని. మా ఊళ్లో నెట్ సరిగా ఉండదు. నా ల్యాప్‌టాప్‌లో ప్రయోగం ఆఫ్‌లైన్‌లో నడుస్తుందా?

జవాబు: నడుస్తుందమ్మా. నెట్ బాగున్న చోట సైకోపై ఇన్‌స్టాలర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి దించుకుంటే ఆ తర్వాత నెట్‌తో పనిలేదు. ఛార్జర్ మాత్రం పెట్టే ఉంచు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లు రిఫ్రెష్ రేటు తగ్గించేస్తాయి. విండోస్ 11లో డైనమిక్ రిఫ్రెష్ రేటు (దాన్ని దానంతటదే మార్చే సెట్టింగ్) ఉంటే ఆపెయ్.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి. ప్రయోగం ఫలితాలు దాచిన సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు మాటలన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. డేటా పాడైపోయిందా?

జవాబు: కంగారు పడకండి, డేటా బాగానే ఉండి ఉంటుంది. ఫైలు మీద డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్‌లో డేటా ట్యాబ్‌కి వెళ్లి ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా తెరిచి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. పిచ్చి గుర్తులతో కనిపిస్తున్న ఫైలును మాత్రం సేవ్ కొట్టకండి, అప్పుడు నిజంగానే పాడవుతుంది. అసలు ఫైలు పక్కన పెట్టి కాపీ మీద పనిచేయండి. పిల్లల పేర్లు కూడా అందులో కనిపిస్తున్నాయంటే, ఈసారి నుంచి పేరు బదులు కోడ్ నంబరు ఇచ్చి, ఏ నంబరు ఎవరిదో వేరే కాగితంలో రాసి బీరువాలో పెట్టండి.